గొడుగు వెంట లండను

విదేశమునకు పోయి వచ్చినవారిని "అక్కడ ఏమేమి చూచినారు?" అని అడుగుట మనవారి మర్యాద. లండను నుండి తిరిగివచ్చిన పిమ్మట ఈ ప్రశ్నకు మేము చెప్పిన జాబితా విని మిత్రులు ఆశ్చర్యపడినారు. ఒక్క దినములో అన్ని చూచుట ఎట్లు సాధ్యమని వారి సందేహము. చూచుట సాధ్యము కాదు గాని, చూపించుట సాధ్యమే. ఆ వైనమే ఈనాటి మా ప్రసంగము.

మొన్నటి వేసవిలో ఒక శుక్రవారమునాడు ఉదయము ఏడున్నరకే మేము, మా ఇల్లాలు బస చేసిన హోటలు ముందర నిలిచినాము. యాత్రాసంస్థవారి బస్సు వచ్చినది. అందులో ముప్పదిమందికి పైగా యాత్రికులు. ఎనిమిది తొమ్మిది దేశములవారు. మార్గదర్శకురాలు ఒక నడివయస్సు ఇల్లాలు. ఆమె చేతిలో పసుపుపచ్చ గొడుగు. వాన వచ్చినను ఆ గొడుగు విప్పుటకు కాదు, ముడిచి పైకెత్తి పట్టుకొనుటకు; గుంపులో అదియే మాకు గుర్తు. మెడలో వేసికొనుటకు అందరికిని తలొక చిన్న పెట్టె, చెవిలో పెట్టుకొనుటకు ఒక గొట్టము ఇచ్చినారు. ఆమె ఎక్కడనో ముందు నడచుచు మెల్లగా మాటలాడినను, ఆ మాట మా చెవిలో మ్రోగును. ఇరువది ఏండ్లుగా మైక్రోఫోను ముందర కూర్చుండి పరులకు వినిపించుటయే వృత్తిగా గల మేము, ఎదురు ప్రశ్న వేయుటకు వీలులేక, ఆపుటకు మీట కానరాక, రోజంతయు వినుచునే ఉండవలసివచ్చినది. శ్రోతల కష్టము మాకు నాడు తెలిసినది. మీ ఇండ్లలోని పెట్టెలకు ఆపు మీట ఉన్నందుకు మీరు సంతోషింపవలెను.

మొదట వెస్ట్‌మినిస్టర్ ఆబీ. 1066 నుండి ఆ దేశపు రాజులకు పట్టాభిషేకము జరుగుచున్న దేవళమిది. న్యూటను, డార్విను అందులోనే సమాధి చేయబడినారు. అంతటివారి సమాధులమీదుగా మేము నలుబది నిమిషములలో పరుగెత్తినాము. ఒక్కచోట మాత్రము కాలు నిలిచినది. ఏడువందల ఏండ్లనాటి పట్టాభిషేకపు కుర్చీ. ఓకు కొయ్యతో చేసినది. దానిమీద పూర్వము బడిపిల్లలును, చూడవచ్చినవారును కత్తితో తమ పేర్లు చెక్కుకొన్నారు! మన గుళ్ళ మంటపములలో స్తంభములమీద పేర్లు గీయువారిని చూచి సిగ్గుపడుచుండువారము. ఆ సిగ్గు కొంత తగ్గినది. "మనవాళ్ళే నయమండీ, రాజుగారి కుర్చీ జోలికి పోలేదు" అన్నది మా ఇల్లాలు.

పదకొండు గంటలకు బకింగుహాము రాజభవనము ముందర కావలి మార్పు. దానిని గురించి చెప్పుటకు మావద్ద ఎక్కువ లేదు. మాకు కనబడినవి ముందువారి వీపులు, వారి తలలమీదుగా ఎత్తిపట్టిన సెల్‌ఫోనులు, వాని నడుమ కదలిపోయిన ఎలుగుబంటి బొచ్చు టోపీలు కొన్ని. బాజాలు మాత్రము బాగుగా వినబడినవి. సెయింటు పాల్సు దేవళపు గోపురము పైదాక ఎక్కుటకు 528 మెట్లట. కాలము లేదని బస్సు కిటికీ నుండియే చూపినారు. మోకాళ్ళ నొప్పిగల మా ఇల్లాలు ఆ ఒక్క విషయములో సంస్థవారిని మెచ్చుకొన్నది.

మధ్యాహ్నము రెండుముక్కల రొట్టె నడుచుచునే తిని, లండను కోటకు చేరినాము. విజేత విలియము పదునొకండవ శతాబ్దిలో మొదలుపెట్టించిన తెల్లబురుజు, ఎఱ్ఱని అంచుల ఉడుపులు వేసిన కావలివారు, రెక్కలు కొంత కత్తిరించి పెంచుచున్న కాకోలములు, అన్నియు చూచి రత్నశాలకు పోయినాము. అచ్చట కిరీటముల ముందర నేల తానే నడచును. దానిమీద నిలిచినవాడు ఆగరాదు, ఆగుదమన్నను వీలులేదు. ఆ నడిచే నేలమీదనే కోహినూరు మా ఎదుట వచ్చినది, పోయినది. 1937లో రాణి ఎలిజబెతు కొరకు, అనగా ఆరవ జార్జి భార్య కొరకు, చేసిన కిరీటములో దానిని పొదిగినారు. ఇప్పటి తూకము సుమారు 105 కేరెట్లు. 1852లో సానపెట్టక ముందు 186. పంజాబు ప్రభువు దులీపుసింగు పదేండ్ల బాలుడై ఉండగా 1849లో సంధిపత్రము వ్రాయించుకొని కైకొన్న రాయి అది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులలో దొరకినదని మనవైపు ప్రతీతి. ఆ కొల్లూరు గనులు పులిచింతల జలాశయములో మునిగిపోయినవి. మరియొకసారి చుట్టివచ్చి చూతమని తిరుగబోగా, చెవిలోని గొట్టము "పసుపు గొడుగు వారు ఇటు, పసుపు గొడుగు వారు ఇటు" అని పిలిచినది.

నాలుగు గంటలకు బ్రిటిషు మ్యూజియము. కేటాయించిన కాలము ఏబది నిమిషములు. రెండువందల అరువదేండ్లకు పైగా ప్రజలకు తెరచియున్న సంగ్రహాలయమునకు ఏబది నిమిషములు! రోసెట్టా శిల, అస్సీరియా సింహములు, గ్రీకు శిల్పములు, ఐగుప్తు శవపేటికలు. వరుస ఆమె చదివినది. అందులో మేము వేచియున్న పేరు లేదు.

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. మా ఇల్లాలి పుట్టినూరు అమరావతికి నాలుగు క్రోసుల దూరము. మా మామగారు బడిపంతులు. ఏటేటా పిల్లలను దీపాలదిన్నెకు నడిపించుకొనిపోయి, "ఇక్కడి రాళ్ళు చెన్నపట్నము పోయినవి, సీమకు పోయినవి, మిగిలినది ఈ దిబ్బ" అని చెప్పువారట. చెన్నపట్నపు రాళ్ళు ఎగ్మూరులో చూచినారు. సీమ రాళ్ళు చూడకయే పోయినారు. మా ఇల్లాలు ఈ యాత్రకు ఒప్పుకొన్నది కోహినూరు కొరకు కాదు.

మేము మార్గదర్శకురాలితో సంగతి చెప్పినాము. ఆమె మర్యాదగానే గడియారము చూపి, అది తమ దారిలో లేదని, 4-50కి బస్సు కదలునని చెప్పినది. ముప్పదిమందిని సకాలమున చేర్చు బాధ్యత ఆమెది, తప్పుపట్టలేము. రేడియో ఉద్యోగికి గడియారము ఎట్టి యజమానియో మాకు తెలియనిది కాదు. మేము సందేహించుచుండగా మా ఇల్లాలు చెవిలోని గొట్టము తీసి, పెట్టెకు చుట్టి, ఆమె చేతిలో పెట్టినది. "బస్సు పోతే పోనీయండి" అన్నది.

గొడుగు రోసెట్టా శిలవైపు పోయినది. మేము ఎదురుదిక్కున, ఉత్తరపు కొసన ఉన్న చైనా, దక్షిణాసియా వస్తువుల పెద్ద శాల దాటి, దాని ప్రక్కన అద్దాల వెనుక ఉన్న గదిని చేరినాము. లోపల నలుగురైదుగురు కంటె ఎక్కువ లేరు. కావలివాడు, శుక్రవారము గనుక ఆలయము రాత్రి ఎనిమిదిన్నర దాక తెరచియుండునని, ఈ గదిని మూయుటకు ఇంకను చాల వ్యవధి ఉన్నదని చెప్పినాడు.

పలనాటి సున్నపురాయి, ఎండలో చూచిన రంగు కాదు, దీపము వెలుగులో పాలిపోయిన రంగు. గోడల పొడుగున కఠాంజనపు స్తంభములు, పద్మములు, స్తూపమునకు తొడిగిన పలకలు. వీని చరిత్ర చిన్నది కాదు. పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అమరావతిలో పట్టణము కట్టించునపుడు దిబ్బను త్రవ్వగా రాళ్ళు బయటపడినవి. 1797లో కర్నల్ మెకంజీ వచ్చి చూచినాడు. తరువాత మరల వచ్చి చిత్రములు వ్రాయించినాడు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి చాల రాళ్ళు చెన్నపట్నము చేర్చగా, 1859లో కొన్నిటిని ఓడ ఎక్కించినారు. లండనులో కొన్నేండ్లు దిక్కులేక ఒక బండ్లకొట్టములో పడియుండగా ఫెర్గూసను అను పండితుడు వెదకి పట్టినాడు. 1880లో ఈ మ్యూజియమునకు వచ్చినవి.

ఒక పలక ముందర మేము ఎక్కువసేపు నిలిచినాము. దానిని రెండుసార్లు చెక్కినారు. క్రీస్తుకు పూర్వము ఒకటవ శతాబ్దిలో ఒకవైపున బోధివృక్షమును, దానిని కొలుచువారిని మలచినారు. మూడువందల ఏండ్లు గడచిన పిమ్మట, కొత్త రాయి ఏల అనుకొన్నారో ఏమో, అదే రాతిని త్రిప్పి వెనుకవైపున స్తూపమునే చెక్కినారు. ఆ స్తూపము మొత్తము ఎట్లుండెడిదో నేడు మనకు తెలియునది ఇట్టి పలకలవలననే. ఇటుకలు పోయినవి, దిబ్బ మిగిలినది, బొమ్మ ఇక్కడ ఉన్నది.

మా ఇల్లాలు మాటలాడలేదు. బల్లమీద కూర్చుండి చెప్పులు విడిచి, వాచిన పాదములు చల్లని నేలమీద ఆనించి, పలకమీది పూజకుల వరుసను ఎడమనుండి కుడికి లెక్కపెట్టుచున్నది. మా మామగారు పిల్లలచేత అట్లే లెక్కపెట్టించువారట. అక్కడినుండి ఆరుగంటలు దాటిన పిమ్మట లేచినాము. ఇవి మన ఊరికి తిరిగి రావలెనని మేము అన్నాము. "వస్తే ఏ ఊరు పెడతారు? ఎగ్మూరుకి పోయినవే రాలేదు" అన్నది ఆమె. మావద్ద సమాధానము లేకపోయినది.

బస్సు ఎప్పుడో పోయినది. సాయంకాలము థేమ్సు నదిమీద పడవ షికారు మా టిక్కెట్టులోనే ఉన్నది; అదియు పోయినది. హోల్‌బోర్ను స్టేషనులో భూగర్భ రైలెక్కి, ఒకచోట మారుటకు బదులు ఎదురుదిక్కున పోయి, మరల వచ్చి, రాత్రి తొమ్మిదింటికి హోటలు చేరినాము. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకొని మా ఇల్లాలు ఊరిలోని తమ్మునికి టెలిఫోను చేసినది. అక్కడ అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. నిద్రమత్తులో అతడు "ఏమక్కా, ఏం చూశావు?" అని అడిగినాడు.

"నాన్నగారి రాళ్ళు" అన్నది.