కొంచెము సర్దుకొందురా?

(సంఘ వార్షికోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



"కొంచెము సర్దుకొందురా?" అనునది తెలుగువాని ప్రయాణములో తొలి మాట. రైలుపెట్టెలో మువ్వురు కూర్చున్న బల్లవద్ద నాలుగవవాడు వచ్చి నిలువగనే ఈ మాట వినబడును. వినబడినంతనే మువ్వురును జరుగుదురు. జరుగనివాని వంక పెట్టె అంతయు చూచును. ఢిల్లీలో ఉద్యోగము చేయుచు ఏటికొకమారు ఊరికి పోయివచ్చు కుటుంబములకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఎవరి ఆవకాయ జాడీ ఎవరి కాళ్ళక్రింద ఉన్నదో, ఎవరి పిల్లవాడు ఎవరి ఒడిలో నిద్రపోవుచున్నాడో బల్లార్షా దాటువరకు ఎవరును విచారింపరు.

ఇపుడు అదే కుటుంబము విమానమెక్కుచున్నది. మాట మాత్రము మారలేదు. చిక్కంతయు అక్కడనే పుట్టినది.

రైలులో ఆ మాటకు ఆధారము కలదు. స్లీపరు పెట్టెలో ఒక్కొక్క భాగమునకు ఎనిమిది పడకలు. నడిమి పడకను మడిచిననే గాని క్రింద ఎవరును నిటారుగ కూర్చుండజాలరు. కావున క్రింది బెర్తు రాత్రి ఒకరిది, పగలు మువ్వురిది. పడుకొను వేళలకు కూడ నియమమున్నది. పూర్వము అవి రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటల వరకు ఉండెడివి. 2017లో 9ని 10గా మార్చిరి. భోజనము కాకమునుపే పక్క పరచువారికిని, అర్ధరాత్రివరకు పేకాడువారికిని ఎంత పోరు జరిగియుండునో ఈ ఒక్క గంట మార్పే చెప్పుచున్నది. 60 ఏండ్లు నిండిన పురుషులకును, 45 ఏండ్లు నిండిన స్త్రీలకును, ఖాళీ ఉన్నంతవరకు, అడుగకున్నను క్రింది బెర్తు కేటాయించు ఏర్పాటు కలదు. అది దొరకనివారికి పెట్టెలోనికి వచ్చు తనిఖీ అధికారి తరువాత సర్దవచ్చును. ఇవన్నియు ఒక ఎత్తు; రైలులో చేతినిండ కాలముండుట ఒక ఎత్తు. ఝాన్సీలో జగడమాడినవారు నాగపురములో కమలాపండ్లు పంచుకొందురు.

విమానములో అంత కాలము లేదు, అంత చోటును లేదు. మన దేశములో విరివిగ తిరుగు ఎయిర్‌బస్ 320 తరగతి విమానమున నడుమ ఒక సన్నని దారి, దానికి ఇరువైపుల మూడేసి కుర్చీలు, మొత్తము సుమారు 180. కుర్చీ వెడల్పు పదునెనిమిది అంగుళములకు కొంచెము అటునిటు. సర్దుకొనుట యన్న అక్కడ జరుగుట కాదు, లేచి పోవుట.

రెండవ భేదము ధరలో ఉన్నది. ఒకప్పుడు టిక్కెట్టుతోపాటు కుర్చీయు వచ్చెడిది. విమానాశ్రయమున ముందుగ చేరి మర్యాదగ అడిగినవానికి కిటికీప్రక్క దొరికెడిది. ఇపుడు అనేక విమానములలో కిటికీకి ఒక ధర, దారిప్రక్కకు ఒక ధర, కాళ్ళు చాపుకొనుటకు వీలైన వరుసకు మరింత ధర. ఏమియు చెల్లింపనివానికి ప్రయాణమునకు ఒకటి రెండు దినములు ముందుగ యంత్రము తనకు తోచిన చోటు చూపును. ఆ చోటు చాలమారులు నడిమి కుర్చీయే యగుట వింత కాదు.

ఈ సభలోని కుటుంబములకు ఈ విషయము మరింత దగ్గరిది. ఎల్.టి.సి. పై విమానములో పోవు ఉద్యోగి నిర్ణీతమైన ఏజెంట్ల ద్వారానే, దొరకు వానిలో చవకయైన టిక్కెట్టునే కొనవలెనని ప్రభుత్వ నియమము. విమానార్హత లేని చిన్న ఉద్యోగులకు కూడ ఈశాన్య రాష్ట్రములకు, కాశ్మీరమునకు, అండమానులకు విమానములో పోవు ప్రత్యేకపు వెసులుబాటును ప్రభుత్వము పలుమారులు పొడిగించినది. జీవితములో తొలిసారి విమానమెక్కిన కుటుంబములెన్నో దీనివలననే ఎక్కినవి. చవక టిక్కెట్టుపై నలుగురు బయలుదేరుదురు. లోపలికి పోయి చూచుకొందురు గదా, తండ్రి ఏడవ వరుసలో, తల్లి పందొమ్మిదవ వరుసలో, పిల్లలు మరి రెండు చోట్ల! అప్పుడు ఆ తండ్రి నోట, వాని నాయన రైలులో పలికిన మాటయే వెలువడును. వినువాడు మాత్రము ఆ కుర్చీకి వేరుగ రూకలు చెల్లించియున్నాడు.

పిల్లల విషయమున పౌర విమానయాన సంచాలక కార్యాలయము 2024 ఏప్రిల్‌లో ఒక ఉత్తరువు చేసినది. ఒకే టిక్కెట్టు నంబరుపై పోవు పన్నెండేండ్ల లోపు బిడ్డకు తల్లిదండ్రులలోగాని సంరక్షకులలోగాని ఒకరి ప్రక్కన చోటు కల్పింపవలెనని దాని సారాంశము. ఇందులో గమనింపదగిన మాట "ఒకరి ప్రక్కన" అనునది. కుటుంబమంతయు ఒకే వరుసలో కూర్చుండు హక్కు దీనివలన రాదు. ఆ కల్పించు భారము విమాన సంస్థది గాని, ప్రక్కనున్న ప్రయాణికునిది కాదు. ఈ ఉత్తరువును తెలిసిన తల్లి విమానమెక్కకముందే కౌంటరులో అడుగును. తెలియని తల్లి లోపలికి వచ్చి అపరిచితుని బ్రతిమాలును.

తమలో తాము ఒప్పుకొన్నంత మాత్రమున సరిపోదను సంగతియు పలువురెరుగరు. అత్యవసర ద్వారము ప్రక్క వరుసలో బిడ్డలుగాని, అశక్తులుగాని, సిబ్బంది ఆదేశములను గ్రహింపలేనివారుగాని కూర్చుండరాదు. ఆపదలో ఆ తలుపు తీయవలసినవాడు అక్కడి ప్రయాణికుడే. రాజమహేంద్రవరము వంటి ఊళ్ళకు తిరుగు చిన్న ఏ.టి.ఆర్. విమానములలో బరువు ముందువెనుకలకు సరిగ పంచబడియుండవలెను. ముందు వరుసలు ఖాళీగ ఉన్నవి గదా యని వెనుకనుండి పదిమంది లేచిపోయినచో ఆ లెక్క తప్పును. అందుచే మార్పు చిన్నదైనను సిబ్బందితో చెప్పియే చేసికొనుట పద్ధతి.

ఇక అడుగు తీరు. అందరికంటె మొదట తప్పు చేయువాడు ముందు కూర్చుండి తరువాత అడుగువాడు. అసలు సొంతదారు వచ్చి నిలుచున్నపుడు అతడు లేవక, చిరునవ్వుతో, "మీరు అక్కడ కూర్చుండరాదా?" యని వెనుకకు చూపును. వాన వెలిసినదాక అరుగుమీద నిలుచుటకు వచ్చినవాడు పడకటింటి తాళపుచెవి అడిగినట్లుండును! వెనుక దారియంతయు ప్రయాణికులు నిలిచియుందురు, పెట్టెలు పైకెత్తుచుందురు, ఆ తొందరలో "కాదు" అనుట ఎంతవానికైనను కష్టము. అట్లు పొందిన సమ్మతి సమ్మతి కాదు. నిలిచియుండి, ఒక్కసారి, సూటిగ అడుగుట వేరు. ఇచ్చునది పుచ్చుకొనుదానికి తీసిపోరాదు. కిటికీకి కిటికీ, దారిప్రక్కకు దారిప్రక్క, వీలైనచో ముందటి వరుస. వెనుక వరుసలోని నడిమి కుర్చీని చూపి ముందువరుస కిటికీని అడుగువాడు సాయము కోరుట లేదు, బేరమాడుచున్నాడు.

కాదనువానికిని ఒక మాట చాలును: "క్షమింపుడు, ఈ చోటు నాకు అవసరము." ఆ అవసరమెట్టిదో చెప్పవలసిన పని లేదు. మూత్రవ్యాధి ఉన్న వృద్ధుడు నలుగురిలో తన వ్యాధి చెప్పుకొనునా? ఎత్తునకు భయపడి దారిప్రక్క కోరుకొన్నవాడు ఆ భయము వెల్లడించునా? మనవారికి ఈ విషయమున ఒక బలహీనత కలదు. కాదన్నవానిని తెలుగులో, అతనికి వినబడునట్లుగనే, "పెద్దవారై యుండి ఆ మాత్రము సర్దుకొనరాదా?" యని ప్రక్కవారితో అందురు. పరాయి రాష్ట్రపు విమానములో తెలుగు తెలిసినవారు లేరనుకొనుట ఒక భ్రమ.

మాట పెరిగినచో ఎంతదూరము పోవునో చట్టము ముందే ఊహించినది. 2017లో వచ్చిన నియమముల ప్రకారము విమానములో దుష్ప్రవర్తన మూడంతస్తులు. నోటి దురుసుకు మూడు నెలల వరకు, చేయి చేసికొన్నచో ఆరు నెలల వరకు, ప్రాణాపాయకరమైన చర్యకు రెండేండ్లు గాని అంతకు మించి గాని విమానమెక్కకుండ నిషేధము విధింపవచ్చును. కుర్చీ చేతిపట్టె కొరకు మొదలైన మాట మొదటి అంతస్తు చేరుటకు పెద్ద సమయము పట్టదు.

అయితే జగడములకంటె ఎక్కువ బాధ కలిగించునవి జగడము లేక జరిగిపోవు మార్పులు. కృష్ణాతీరపు పల్లెనుండి కుమార్తె పురుటికై అమెరికా బయలుదేరిన ఒక తల్లి సంగతి ఇట్టిదే. వయసు అరువదికి మించినది; రెండు మోకాళ్ళును అరిగినవి; ఇంగ్లీషు రాదు, హిందీ అంతకన్నను రాదు. కుమార్తె ముందుగ రూకలు చెల్లించి దారిప్రక్క కుర్చీ తీసినది. శాకాహార భోజనము వ్రాయించినది. చక్రాల కుర్చీ ఏర్పరచినది. ఇంగ్లీషులో ఒక కాగితము వ్రాసి పంపి, దానిని తల్లి చేతిసంచిలో పెట్టించినది: ఈమెకు ఇంగ్లీషు రాదు, విమానము మారుటకు సాయపడగోరెదము, కుమార్తె ఫోను నంబరు ఇది. ఇట్టి కాగితము లేని తెలుగు తల్లి సంచి ఈనాడు అరుదు.

ఢిల్లీనుండి పదునైదు గంటలకు మించిన ప్రయాణము. ఆమె కూర్చున్న కొంతసేపటికి ఒక యువకుడు వచ్చి నవ్వుచు ఏదో అడిగెను, వెనుకకు చూపెను. పెద్దవారు అపరిచితుల ముందర అలవాటుగ తల యూపునట్లు ఆమె తల యూపెను. అతడు ఆమె సంచి అందుకొని మర్యాదగ దారిచూపెను. ఏడెనిమిది వరుసలు దాటి నడిమి కుర్చీలో కూర్చుండబెట్టెను. అతడు దుర్మార్గుడు కాడు. కొత్తగ పెండ్లియైన భార్య ప్రక్కన కూర్చుండగోరెను. ఆమె ఒప్పుకొన్నదనియే అతని నమ్మకము.

ప్రత్యేక భోజనము సిబ్బంది జాబితాలో కుర్చీ అంకెతో ఉండును. ఆమె పళ్ళెము పాత చోటికి పోయెను. ఆమె ముందర పెట్టినది మాంసాహారము. తెలిపెడి మాట లేక మూతపెట్టి, రొట్టెముక్కయు పండును తిని ఊరకుండెను. ఇరుప్రక్కలవారు నిద్రించుచుండిరి, వారిని లేపుటకు మొగమోటము. లేవవలసివచ్చునని నీరు కూడ త్రాగలేదు. నాలుగు గంటలకు మించి కదలక కూర్చున్నచో కాళ్ళ నరములలో రక్తము గడ్డకట్టు ప్రమాదము హెచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనము 2007లోనే వెల్లడించినది. ఆమెకు అంత ఆపద రాలేదు. చక్రాల కుర్చీలో వెలుపలికి వచ్చునప్పటికి పాదములు వాచి చెప్పులు పట్టలేదు. కుమార్తె అడిగినపుడు, "ఎవరో పిల్లవాడు, అడిగినాడు, పోనీలే" యని మాత్రమే అనెను. భోజనము సంగతి బయటపడుటకు వారము పట్టెను.

తిరుగు ప్రయాణమునకు కుమార్తె కాగితముపై మరియొక వాక్యము పెద్ద అక్షరములతో చేర్చెను: ఈ చోటు వైద్యకారణముచే తీసినది; మార్పు అడుగదలచినవారు దయచేసి సిబ్బందిని పిలువుడు. తల్లికి ఒక పాఠము కూడ చెప్పెను: ఎవరేమి అడిగినను తల యూపవద్దు, కాగితము చూపవలెను.

ఆ ప్రయాణములోను ఒకరు అడుగనే అడిగిరి. ఈమారు చంటిబిడ్డతో ఒంటరిగ పోవుచున్న యువతి. అదే వరుసలో కిటికీప్రక్క ఆమె చోటు. మాటిమాటికి లేవవలసియుండుటచే దారిప్రక్క కోరెను. తల్లి కాగితము చేతికిచ్చెను. యువతి చదివి, చేతులు జోడించి, తన చోటికి పోయెను. నడిమి కుర్చీ ఖాళీగ ఉండెను. రెండు గంటలు గడచినపిదప భోజనము వచ్చినది; ఈసారి తల్లి పళ్ళెము సరిగనే వచ్చినది. ఒక చేత బిడ్డను పట్టుకొని రెండవచేత పళ్ళెము మూత తీయలేక యువతి తిప్పలు పడుచుండెను. తల్లి తన పళ్ళెము ప్రక్కకు జరిపి, రెండు చేతులును చాచెను. బిడ్డ కొంత ఏడ్చి ఊరకుండెను. యువతి భోజనము ముగించి చేతులు చాచునప్పటికి వాడు ఆమె ఒడిలో నిద్రించుచుండెను. ఆ తల్లి ఒక చేతితో వాని వీపు నిమురుచు, రెండవచేత చల్లారిన తన అన్నము తినసాగెను.