కొండయేటి చేప – కట్టుబాటు



ఈ పూట నేను మాట్లాడబోయేది చేపల గురించి. సముద్రపు చేపల గురించి కాదు. మన కొరాపుట్ కొండల్లో, మల్కన్‌గిరి వైపు లోయల్లో, గెడ్డల్లో, వాగుల్లో, జలాశయాల్లో దొరికే మంచినీటి చేపల గురించి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే మన పిల్లలు దీన్ని చేప అనీ అంటారు, మాఛొ అనీ అంటారు. మనం శీలావతి అనేది సంతలో రోహి అవుతుంది, బొచ్చె భాకుర్ అవుతుంది, మోసు మిరికాళి అవుతుంది. పేర్లు రెండైనా చేప ఒక్కటే. నీరు కూడా ఒక్కటే.

ఆ నీటి సంగతి ముందు చెప్పుకుందాం. మన మాచ్‌ఖండ్ ఏరు ఆంధ్రలోని మాడుగుల కొండల్లో పుడుతుంది. కొంత దూరం రెండు రాష్ట్రాలకు సరిహద్దుగా నడుస్తుంది. జోలాపుట్ దగ్గర ఆనకట్ట వెనుక ఆగుతుంది. ఆ తరువాత డుడుమ దగ్గర సుమారు 175 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దూకుతుంది. అక్కడి నుంచి సీలేరు అనే పేరుతో సాగి, మోటు దగ్గర శబరిలో కలుస్తుంది. మనం కొలాబ్ అనే నదే కిందికి వెళ్లాక శబరి అవుతుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే మన ఊరి గెడ్డలో జరిగిన మంచీ చెడూ గోదావరి దాకా వెళుతుందన్న మాట.

ఇక నేను ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానో చెబుతాను. నేను బడిపంతులును. ఒక సోమవారం సైన్సు పాఠంలో చేప శరీర నిర్మాణం చెప్పవలసి వచ్చింది. పాఠం కళ్లకు కట్టాలని ముందు రోజు సంతలో నాలుగు చేపలు కొన్నాను. చవకగా వచ్చాయి. ఎందుకంత చవక అని అప్పుడు అడగలేదు. తరగతిలో మొదటి చేపను కోసి, "ఇదిగో, ఇది గాలితిత్తి. చేప నీళ్లలో పైకీ కిందికీ తేలడానికి ఇదే ఆధారం" అని చూపించబోయాను. గాలితిత్తి చిరిగి ఉంది. పొట్ట నిండా నెత్తురు గడ్డకట్టి ఉంది. రెండో చేపా అంతే. మూడో దానికి వెన్నెముక కూడా విరిగి ఉంది.

నేను తడబడుతుంటే వెనుక బల్ల మీది కుర్రవాడు లేచి, "అది బాంబు చేప మాస్టారూ. పేలుడుకి తిత్తి పగిలిపోద్ది" అన్నాడు. తరగతిలో సగం మంది అవునన్నట్టు తలలూపారు. నాకు తెలియనిది నా పిల్లలకు తెలుసు. పైగా ఆ బాంబు చేపను డబ్బిచ్చి కొని తెచ్చినవాణ్ణి నేనే. ఆ వేళ పాఠం నేనే నేర్చుకున్నాను.

ఆ పాఠమే ఇప్పుడు మీ ముందు పెడతాను. ముందుగా, మన కొండయేటి చేప ఎలా బతుకుతుందో చూద్దాం.

కొండ వాగులో నీరు వేగంగా పారుతుంది, చల్లగా ఉంటుంది. అందులో బతికే చేపలు ఆ వేగానికి తగ్గట్టే తయారయ్యాయి. కొన్ని చిన్న చేపలకు నోటి కింద దిండులాంటి భాగం ఉంటుంది. దానితో రాతికి అతుక్కుని వరదలో కొట్టుకుపోకుండా నిలుస్తాయి. పెద్ద పొలుసుల మహసీరు జాతి చేపలు స్వచ్ఛంగా పారే నీటిలోనే పెరుగుతాయి. మడుగుల్లో కొర్రమీను, వాలుగ, జెల్ల, పరిగె ఉంటాయి.

వీటిలో ఎక్కువ భాగం గుడ్లు పెట్టేది తొలకరి తరువాతే. వాన పడి ఏరు ఎర్రబారగానే పొట్టనిండా గుడ్లతో చేపలు పైకి ఎదురీదుతాయి. సన్నటి కాలువల్లోకి, పొలాల గట్ల దాకా వస్తాయి. ఆ సమయంలో వాటిని పట్టడం చాలా సులభం. మడమలోతు నీటిలో చేత్తో కూడా పట్టవచ్చు. అందుకే మనిషికి ఆశ కలుగుతుంది. కాని శీలావతి వంటి తల్లిచేప ఒక్కటి లక్షల గుడ్లు మోస్తుంది. అది గుడ్లు పెట్టే వయసుకు రావడానికే సుమారు రెండేళ్లు పడుతుంది. దాన్ని ఆషాఢంలో కూర వండుకుంటే, మరుసటి ఏడు ఏరు ఖాళీ అవుతుంది.

ఈ కారణం చేతనే వానాకాలం మొదటి నెలల్లో జలాశయాల్లో చేపల వేట నిలిపివేయడం ఆనవాయితీ. ఆ ఏటి విరామం ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగుస్తుందో మీ బ్లాకులోని మత్స్యశాఖ ఉద్యోగిని అడిగి తెలుసుకోండి. ఇది సర్కారు వారు కొత్తగా కనిపెట్టిన నిబంధన ఏమీ కాదు. విత్తనం పెట్టిన మడిలో పశువును తోలకూడదని మన రైతుకు ఎవరూ చెప్పనక్కర లేదు కదా! ఇదీ అటువంటిదే.

ఇప్పుడు చట్టం సంగతి. చేపల విషయంలో మన దేశానికి మూలమైన చట్టం 1897 నాటిది. దాని పేరు భారత మత్స్య చట్టం. అందులో రెండు మాటలు ముఖ్యం. ఒకటి, నీటిలో డైనమైటు గాని, మరే పేలుడు పదార్థం గాని వేసి చేపలను పట్టడం, చంపడం నేరం. రెండు, నీటిలో విషం, సున్నం, హానికరమైన వస్తువు కలిపి చేపలను పట్టడం నేరం. ఆ చట్టం చేసిన నాడు దీనికి 2 నెలల వరకు జైలు గాని, 200 రూపాయల వరకు జరిమానా గాని పెట్టారు. ఇవాళ 200 రూపాయలంటే నవ్వుతారు. కాని అనుమతి లేని పేలుడు పదార్థం చేతిలో ఉంటే 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం కూడా వచ్చి పడుతుంది. దాని శిక్ష సంవత్సరాల్లో ఉంటుంది, నెలల్లో కాదు.

అదే 1897 చట్టం రాష్ట్ర ప్రభుత్వాలకు కొన్ని అధికారాలు ఇచ్చింది. వల కన్ను ఎంత ఉండాలి, ఏటికి అడ్డంగా కదలకుండా కట్టే వలలు, మావులు ఉండవచ్చా లేదా, ఏ కాలంలో వేట ఆపాలి అన్న నియమాలు ప్రభుత్వం చేయవచ్చు. ఒక నీటివనరులో 2 ఏళ్ల వరకు వేటను పూర్తిగా నిషేధించవచ్చు కూడా. అభయారణ్యాల లోపలి నీళ్లకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అక్కడ అటవీశాఖ వారిని అడగకుండా గాలం కూడా వేయవద్దు.

"ఒక్క బాంబుతో ఏమైపోతుంది మాస్టారూ?" అని కొందరు అంటారు. ఏమవుతుందో చెబుతాను. పేలుడు తగిలిన చేపలన్నీ పైకి తేలవు. తిత్తి చిరిగినవి చాలా భాగం అడుగుకు మునిగిపోతాయి. మనిషికి దొరికేది కొంతే. అడుగున కుళ్లేది మిగతాది. పిల్లచేపలు, గుడ్లు, చేపలు తినే పురుగులు కూడా పోతాయి. విషమైతే మరీ అన్యాయం. పూర్వం కొండల్లో మంగకాయ దంచి చిన్న మడుగులో కలిపేవారు. అదీ మంచిది కాదు. ఇప్పుడు కొందరు బ్లీచింగు పొడి, పురుగుమందు పోస్తున్నారు. ఆ నీటినే కింది ఊరి ఆడవాళ్లు బిందెల్లో ముంచుకుంటారు, పశువులు తాగుతాయి. కరెంటు తీగ నీటిలో పెట్టేవాడు తన ప్రాణంతో పాటు పక్కవాడి ప్రాణం కూడా పణంగా పెడుతున్నాడు.

వెనుక బల్ల మీది కుర్రవాడి గురించి చెప్పాను కదా. మరుసటి ఏడు వానల్లో అతను బడికి రావడం మానేశాడు. నేను వాళ్ల ఇంటికి వెళ్లాను. తండ్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేయి మణికట్టు దాకా లేదు. చేతిలోనే పేలింది. "చేప కోసం చెయ్యి పోయింది మాస్టారు బాబూ. ఇప్పుడు ఆడి చెయ్యే నా చెయ్యి" అన్నాడు కొడుకును చూపించి. పన్నెండేళ్లవాడు పనికి వెళుతున్నాడు. ఆసుపత్రిలో నిజం చెబితే కేసు అవుతుందని కట్టెలు కొడుతుంటే తెగిందని చెప్పుకున్నారట. నేను ఎంత తిరిగినా ఆ అబ్బాయి మళ్లీ నా తరగతిలోకి రాలేదు. ఆ ఇంటికి ఆ బాంబు ఎంత ఖరీదు పడిందో మీరే లెక్క వేసుకోండి.

వద్దు, కూడదు అని మాత్రం చెప్పి ఊరుకుంటే అది ఉపన్యాసం అవుతుంది. కడుపు నిండే దారి కూడా చూడాలి. ఆ దారి ఉంది.

మన కొండల్లో పెద్ద జలాశయాలు ఉన్నాయి. జోలాపుట్, ఎగువ కొలాబ్, బలిమెల. ఇవి నిలువ నీళ్లు. శీలావతి, బొచ్చె, మోసు నిలువ నీటిలో పెరుగుతాయి గాని అందులో గుడ్లు పెట్టవు. వాటికి పారే వరద నీరు కావాలి. అందుచేత ఏటా పిల్లచేపలను తెచ్చి వదలాలి. ఈ పిల్లచేపలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇందులో మన ఒడిశాకు ఒక గర్వకారణం ఉంది. 1957 జూలై 10న అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి, చేప మెదడు కింది గ్రంథి నుంచి తీసిన రసాన్ని సూదిమందుగా ఇచ్చి, ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ పద్ధతి దేశమంతటా పాకింది. అందుకే ఇప్పటికీ జూలై 10వ తేదీని జాతీయ మత్స్యరైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. నేడు పిల్లచేప కావాలంటే ఏటి గుడ్లు వెతకనక్కర లేదు. హేచరీలో దొరుకుతుంది. వదిలేటప్పుడు వేలెడు పొడవైనా ఉన్న పిల్లలను వదలండి. మరీ సన్నవాటిని వాలుగలు మింగేస్తాయి.

జలాశయంలో వేటకు మత్స్యకారుల ప్రాథమిక సహకార సంఘంలో చేరడం మంచి మార్గం. సంఘానికి గుత్త దక్కితే సభ్యుడికి హక్కు ఉంటుంది. దళారి చెప్పిన ధరకు తల వంచనక్కర లేదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద పథకంలో చెరువులు, పంజరాలలో పెంపకం, వలలు, మంచుపెట్టెల వంటి వాటికి షెడ్యూల్డు కులాలు, తెగలు, మహిళలకు 60 శాతం, మిగిలిన వారికి 40 శాతం సహాయం నిర్ణయించారు. అందులోనే ప్రమాద బీమా పెట్టారు. మరణానికి, పూర్తి అంగవైకల్యానికి 5 లక్షలు, పాక్షిక అంగవైకల్యానికి రెండున్నర లక్షలు. ఈ ఏడు ఏవేవి అమలులో ఉన్నాయో, పేరు ఎలా నమోదు చేసుకోవాలో మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. అడగడానికి సిగ్గుపడవద్దు. చదువు రాని అన్నదమ్ములకు దరఖాస్తు రాసిపెట్టడం మనవంటి వారి పని.

మరొక హక్కు చాలామందికి తెలియదు. మనది షెడ్యూల్డు ప్రాంతం. 1996లో వచ్చిన చట్టం ప్రకారం ఇక్కడి చిన్న నీటివనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిలో తరతరాలుగా నివసించే వారికి నీటివనరుల్లోని చేపల మీద సామూహిక హక్కును గుర్తించింది. దీనికి గ్రామసభ తీర్మానం మొదటి మెట్టు. హక్కు ఊరిది అయినప్పుడు కాపలా కూడా ఊరిదే అవుతుంది. గ్రామసభలో కూర్చుని, ఫలానా మడుగులో తల్లిచేపలను ముట్టరాదు, ఫలానా నెలల్లో వల వేయరాదు, దోమతెరతో పిల్లచేపలను ఎత్తరాదు అని తీర్మానం చేసుకోవచ్చు.

అయితే సరిహద్దు దగ్గర ఒక చిక్కు ఉంది. "మేం ఆపితే అవతలి గట్టువాళ్లు పట్టుకుపోతారు" అంటారు. అవతలి గట్టువాళ్లూ అదే మాట అంటారు. జోలాపుట్‌కు ఇటు ఒడిశా ఊళ్లు, అటు ఆంధ్ర ఊళ్లు. 1897 చట్టం ఇటూ ఒకటే, అటూ ఒకటే. చేపకు గట్టు తెలియదు. రెండు గట్ల మీదా చుట్టరికాలున్న వాళ్లం, రెండు భాషలూ వచ్చిన వాళ్లం మనం. పెళ్లి మాటలకు అవతలి గట్టుకు వెళుతున్నాం కదా, ఈ మాటకు ఎందుకు వెళ్లకూడదు? తొలకరికి ముందే ఇరువైపుల పెద్దలు ఒకసారి కూర్చుంటే సగం పని అవుతుంది.

చివరిగా, వల పట్టని వాళ్లకు ఒక మనవి. అంటే నావంటి ఉద్యోగస్తులకు, వ్యాపారస్తులకు. బాంబు వేసేవాడు మనం కొంటామనే వేస్తున్నాడు. సంతలో చేప మరీ చవకైతే ఎందుకని అడగండి. పొట్ట మెత్తబడి, లోపల నెత్తురు గడ్డకట్టి, వెన్ను విరిగి ఉంటే వెనక్కి ఇచ్చేయండి. వానల్లో గుడ్లతో ఉన్న ఏటి చేప వద్దని చెప్పండి. నేను ఆనాటి నుంచి అలాగే చేస్తున్నాను. మొదట్లో అమ్మేవాళ్లు విసుక్కున్నారు. ఇప్పుడు నన్ను చూడగానే "ఇది వలలో పడిందే మాస్టారూ" అని వాళ్లే చెబుతున్నారు.

మా బడిలో ఇప్పటికీ చేప పాఠం ఉంది. ఏటా చేపను కోసి చూపిస్తున్నాను. తిత్తి చిరగని చేపను వెతికి తెచ్చే బాధ్యత పిల్లలకే అప్పగించాను. ఏ మడుగులో దొరికిందో, ఎవరు పట్టారో, ఎలా పట్టారో వాళ్లే రాసుకొస్తారు. వెనుక బల్ల మీద ఒక చోటు చూస్తే మాత్రం నాకు ఆ కుర్రవాడు గుర్తుకు వస్తాడు. ఈ వానాకాలంలో మీ ఊళ్లో అటువంటి చోటు ఖాళీ కాకుండా చూడండి.