పాత కారు, కొత్త అబద్ధం

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సమావేశంలో పాత కారు గొడవేమిటని నవ్వకండి. ఆ కారు కోసం నా గాజులు బ్యాంకులో కుదువపెట్టాను.

ఆఫీసులకు భోజనం క్యారేజీలు పంపే పని నాది. ఆటోలకు పోసే డబ్బయినా మిగులుతుందని, పాత కార్లమ్మే షాపులో 2,10,000 రూపాయలకు ఒక కారు కొన్నాను. మీటరులో 42,000 కిలోమీటర్లు. "సింగిల్ ఓనర్ బండమ్మా, డాక్టరుగారు వాడారు" అన్నాడు. పందొమ్మిదో రోజున ఇంజను వేడెక్కి నడిరోడ్డు మీద ఆగిపోయింది. సాంబారు క్యారేజీలన్నీ లోపలే. మెకానిక్ చూసి, ఇంజను ఇదివరకే విప్పి అతికించారన్నాడు. సర్వీసు సెంటరులో రికార్డు తీయిస్తే, రెండేళ్ళ కిందటే 87,000 కిలోమీటర్లు తిరిగిన బండి అది!

షాపుకు వెళ్తే "మీ ఆయన్ని పంపండమ్మా" అన్నాడు. బండి నా పేరున, అప్పు నా పేరున. సంజాయిషీ మాత్రం మా ఆయనకట! గట్టిగా అడిగితే నా చేత సంతకం పెట్టించుకున్న కాగితం తీశాడు. "ఉన్నది ఉన్నట్టుగా కొన్నాను, తర్వాత బాధ్యత లేదు" అని ఉంది అందులో. చదవకుండా సంతకం పెట్టాను. అది నా తప్పే.

కానీ ఆ కాగితం అబద్ధానికి రక్షణ కాదు. పాత బండి అన్నాక అరుగుదల ఉంటుంది. టైర్లు అరిగాయని, క్లచ్ బిగుసుకుందని కేసు వేస్తే నిలవదు. మీటరు వెనక్కి తిప్పి అమ్మడం వేరు. మోసంతో సంపాదించిన ఒప్పుకోలును రద్దు చేసుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. 1986 చట్టం స్థానంలో వచ్చి 2020 జూలై నుంచి అమలవుతున్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, వ్యాపారి దగ్గర పాత వస్తువు కొన్నా మనం వినియోగదారులమే. "నువ్వు వ్యాపారానికి కొన్నావు" అంటారు. స్వయం ఉపాధితో బతకడానికి కొన్నది ఆ లెక్కలోకి రాదు.

ఒక్క మెలిక ఉంది. పక్కింటాయన తన సొంత కారు అమ్మితే ఆయన వ్యాపారి కాదు, సివిల్ కోర్టుకే పోవాలి. అందుకే ఎవరి దగ్గర కొంటున్నామో రసీదులో ఉండాలి. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకు రవాణా శాఖ అధికార పత్రం ఉండాలన్న నిబంధన వచ్చింది. అది చూపించమనండి. నేను అడగలేదు.

బండి చెడిందా, వెంటనే బాగుచేయించకండి. ముందు వేరే మెకానిక్ చేత లోపం రాయించుకోండి, ఫోటోలు తీయండి. స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. రెండేళ్ళలోపు, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. పరీక్షకు పంపితే ఆ ఖర్చు ముందు మనమే కట్టాల్సి రావచ్చు, అది దాచను. ఏం చేయాలో తోచకపోతే 1915కు ఫోన్ చేయండి.

నా కేసు ఇంకా నడుస్తోంది. మొదటి వాయిదాకి షాపాయన వచ్చి, మా ఆయన భుజం మీద చెయ్యేసి "మనం మనం మాట్లాడుకుందాం బావా" అన్నాడు. ఫిర్యాదుదారు నేనని మా ఆయన నావైపు చూపించాడు.

వెనక వరుసలో పాత ఆటో కొని మోసపోయిన చెల్లెలు ఒకామె ఉన్నారు. అమ్మా, ఆర్.సి., రసీదు తెచ్చావా? భోజనాలయ్యాక ఆ చెట్టు కింద కూర్చుని నోటీసు రాద్దాం.