గోదావరి మీద వంతెనల పాఠం

రాజమహేంద్రవరం దగ్గర గోదావరి గట్టున నిలబడితే వంతెనల శాస్త్రం కళ్లెదుటే కనిపిస్తుంది.

1900లో పూర్తయిన హేవలాక్ వంతెనకు రాతి స్తంభాలు, వాటిపై ఉక్కు గర్డర్లు, అంటే దూలాలు. రెండు స్తంభాల నడిమి దూరమే స్పాన్. 1997లో ఈ వంతెనపై రైళ్లు ఆగిపోయాయి.

1974 నాటి రెండంతస్తుల వంతెనలో కింద రైలు, పైన రోడ్డు. దీని బలం ట్రస్, అంటే త్రికోణాలుగా బిగించిన ఉక్కు చట్రం. నాలుగు భుజాల చట్రం పక్కకు ఒరిగిపోవచ్చు. త్రికోణం మాత్రం భుజాల పొడవు మారనిదే రూపు మారదు.

ఇక కాంక్రీటు ఆర్చి వంతెన. ఒక్కొక్కటి 97.55 మీటర్ల చొప్పున 28 స్పాన్లు. బరువు పడినప్పుడు ఆర్చి తన కాళ్లను బయటికి తోస్తుంది. కింది గర్డరు వింటినారిలా ఆ రెండు కొసలనూ లాగిపట్టుకుంటుంది. అందుకే స్తంభాలపై ప్రధానంగా నిలువు బరువే పడుతుంది.

హైదరాబాద్ దుర్గం చెరువుపై 2020లో ప్రారంభమైనది మరో రకం. అక్కడ పైలాన్లు అనే ఎత్తయిన స్తంభాల నుంచి కేబుళ్లు తిన్నగా వచ్చి రోడ్డును మోస్తాయి.

ఏ రకమైనా ఎండకు వంతెన సాగుతుంది, చలికి కుంచించుకుంటుంది. ఆ కదలికకు చోటిచ్చేవి స్తంభాల మీది బేరింగులు, రోడ్డు మీది ఎక్స్‌పాన్షన్ జాయింట్లు. వాటిలో చెత్త ఇరుక్కుంటే వంతెనకే చేటు. దయచేసి వంతెనలపై చెత్త వేయకండి.