నీరు, బాట, మోత: ఢిల్లీ నుండి కులూ లోయ వరకు



సర్కారు కొలువులోనున్న తెలుగువాడు సెలవు పెట్టి దూరయాత్ర చేసి, చూచినది చూచినట్లు వ్రాసిపెట్టుట కొత్త సంగతి కాదు. ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్టణపు సుప్రీం కోర్టులో ప్రధాన దుబాసీ. ఆయన 1830 మే నెలలో బయలుదేరి, పల్లకీలో, పెద్ద పరివారముతో కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. ఆయన వ్రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చుపడినది. ప్రయాణికులను మోయు రైలుబండి ఈ దేశమునకు 1853లో గాని రాలేదు. ఆ పుస్తకమును తెరచిన వారికి ఒక విశేషము కనబడును. మజిలీ చేరగానే ఆయన దృష్టి గుడిగోపురములతోపాటు ఊరి నీటిమీదను, అంగళ్ళమీదను, నడచి వచ్చిన బాట మంచిచెడ్డలమీదను నిలుచును. పల్లకీ మోయు బోయీలను ఆయన మరువలేదు.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు సెలవు ప్రయాణపు రాయితీ 1956లో ఏర్పడినది. ఆ రాయితీమీద ఎన్నో తెలుగు కుటుంబములు ఢిల్లీ, ఆగ్రా, సిమ్లా, కులూ చూచి వచ్చినవి. ఏమి చూచితిరని అడిగినచో కోట యనియు, సమాధి యనియు, మంచు అనియు చెప్పుదురు. ఆ కోటకు నీరు ఎచ్చటిది? ఆ మంచుకొండకు బాట ఎట్లు పడినది? బరువు ఎవరు మోసిరి? ఈ మూడు ప్రశ్నలు వీరాస్వామయ్య గారి నాటివే. వీనిని వెంటబెట్టుకొని ఢిల్లీనుండి కులూ వరకు పోయినవానికి రాజధానులును, కొండలును ఒకే పాఠము చెప్పును. ఆయన ఢిల్లీ చూడలేదు. కాని ఆయన చూపు ఢిల్లీకిని చెల్లును.

ముందుగా నీటి సంగతి. ఢిల్లీలో ఒక్కొక్క రాజు ఒక్కొక్క నగరము కట్టెను. గియాసుద్దీన్ తుగ్లక్ 1320 తరువాత కట్టిన తుగ్లకాబాదు గోడలు నేటికిని ఏనుగుల వరుసవలె నిలిచియున్నవి. లోపల ఊరు లేదు. అల్లావుద్దీన్ ఖిల్జీ త్రవ్వించిన పెద్ద చెరువు పూడిపోగా, ఫిరోజ్ షా తుగ్లక్ దానిని బాగుచేయించెను. అదియే హౌజ్ ఖాస్. షాజహాను తన కొత్త నగరమునకు యమునా కాలువను మళ్ళించి తెప్పించెను. చాందినీ చౌకు వీథి నడుమ ఒకప్పుడు ఆ కాలువ పారుచుండెడిది. కనాట్ ప్లేసునకు కూతవేటు దూరమున ఉగ్రసేన్ బావిమెట్లు ఉన్నవి. మధ్యాహ్న విరామమున అచ్చటికి నడచిపోగల ఉద్యోగులు ఎందరో కలరు. ఆ మెట్లు నీటికొరకు కట్టినవని తలచువారు కొందరే.

ఆగ్రా నుండి రోడ్డుమీద 37 కిలోమీటర్లు పోయినచో ఫతేపూర్ సిక్రీ. అక్బరు 1571లో దీనిని కట్టింప మొదలిడి, 1585లో విడిచి లాహోరు వైపు తరలెను. నీరు చాలలేదని వాడుకలోనున్న మాట. వాయవ్య సరిహద్దు రాజకార్యమే అసలు కారణమని పలువురు చరిత్రకారులందురు. ఏది యెట్లున్నను, దర్బారు కదలిన పిమ్మట ఆ ఎఱ్ఱరాతి మేడలు రాజధానిని నిలుపలేకపోయెను. కట్టడము మాత్రమే నగరము కాదని సిక్రీ చెప్పునట్లు మరే ఊరును చెప్పదు.

ఆగ్రాలో తాజమహలు చూచువారు మోత సంగతి కూడ తలచవలెను. ఆ పాలరాయి రాజస్థానములోని మక్రానా గనులనుండి బండ్లమీద వచ్చినది. రాయి తరలించుటకు బండ్లు సమకూర్పుమని షాజహాను ఆంబేరు రాజు జయసింహునకు పంపిన ఫర్మానాలు నేటికిని నిలిచియున్నవి. సచివాలయములో పనిచేయువారికి ఇది ఆసక్తికరము కాకపోదు: ప్రపంచపు వింతలలో ఒకదాని వెనుక కూడ ఉత్తరప్రత్యుత్తరములే ఉన్నవి. బండ్లు తోలిన వారి పేర్లు మాత్రము ఏ ఫర్మానాలోను లేవు.

ఢిల్లీ నుండి కాల్కాకు పోవు రైలుమార్గము పాత రాజమార్గమునకు ప్రక్కప్రక్కనే సాగును. పానిపట్టు వచ్చును: 1526, 1556, 1761 సంవత్సరములలో మూడు యుద్ధములు చూచిన నేల. కర్నాలు ప్రాంతమున మొగలాయీలు నాటిన క్రోసు మీనారులు పొలముల నడుమ అక్కడక్కడ నిలిచియున్నవి. తరువాత హర్షుని స్థాణ్వీశ్వరము, కురుక్షేత్రము. ఆపై అంబాలా, చండీగఢ్. దండులు నడచిన దారి ఇది. కాల్కా చేరగానే మైదానము ముగిసి, కొండ మొదలగును.

1864 మొదలు సిమ్లా భారత ప్రభుత్వమునకు వేసవి రాజధాని. ఏటేట కలకత్తా కచేరీలు, వాని దస్త్రములు, గుమాస్తాలు, సామాను కొండకు తరలుచుండెను. కాల్కా వరకు పెద్దరైలు 1891లో గాని రాలేదు. కొండరైలు 1903లో గాని రాలేదు. అంతవరకు ఆ ప్రభుత్వమును కొండకెక్కించినవి టాంగాలు, ఎడ్లబండ్లు, కూలీల వీపులు. సిమ్లా వీథులలో దొరల రిక్షాలను లాగినవారు జంపానీలు. వారి పేర్లును ఏ దస్త్రములోను లేవు.

కాల్కా–సిమ్లా రైలుమార్గము పొడవు 96 కిలోమీటర్లు. పట్టాల వెడల్పు రెండున్నర అడుగులు. ఆ దూరములో బండి సుమారు 1,400 మీటర్ల ఎత్తు ఎక్కును. ఇందు నూటికి పైగా సొరంగములు, ఎనిమిది వందలకు పైగా వంతెనలు కలవు. వంతెనలు చాలవరకు ఇనుపదూలములవి కావు, రాతి కమానులవి. కనోహ్ వద్ద నాలుగంతస్తుల కమానుల వంతెన మేడవలె లోయలో నిలిచియున్నది. 1143 మీటర్ల బరోగ్ సొరంగమును గూర్చి ఒక కథ చెప్పుదురు. బరోగ్ అను ఇంజనీరు రెండు వైపులనుండి త్రవ్వించగా రెండు కొనలు కలియలేదట. ప్రభుత్వము ఒక్క రూపాయి జరిమానా విధింపగా, అవమానము భరింపలేక ఆయన ప్రాణము తీసికొనెనట. తరువాత హారింగ్టన్ అను ప్రధాన ఇంజనీరు పని చేపట్టెను. ఆయనకు తోడు వచ్చినవాడు చదువులేని కొండమనిషి భల్కూ. కఱ్ఱతో రాతిని తట్టి, మ్రోత విని, దారి చెప్పెడివాడని అచ్చటివారందురు. 2011లో సిమ్లాలో వెలసిన రైల్వే ప్రదర్శనశాలకు బాబా భల్కూ పేరు పెట్టిరి. మోసినవారిలో, దారి చూపినవారిలో ఒక్కనికైనను పేరు దక్కినది.

ఈ మార్గము 2008లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపబడినది. బండిలో కూర్చున్నవానికి దాని గుణము తెలియును: అది కొండ ఒంపునుబట్టి ఒంపు తిరుగును. కొండతో సంధి చేసికొన్న బాట అది. రోడ్డుమార్గమున పోయినవారికి మరొకటి కనబడును. పర్వాణూ నుండి సోలన్ వైపు నాలుగు వరుసల రహదారి కొరకు కొండను నిట్టనిలువుగా కోసిరి. 2023 ఆగస్టు వానలకు చక్కీ మోడ్ వద్ద రోడ్డు క్రుంగి, రాకపోకలు నిలిచిపోయెను. ఆ నెల 14వ తేదీన సిమ్లాలోని సమ్మర్ హిల్ వద్ద కొండచరియ జారి, శివాలయములో పూజకు వచ్చినవారు పలువురు మరణించిరి. ఆ చరియయే రైలుకట్టను కొట్టుకొనిపోగా, పట్టాలు గాలిలో వ్రేలాడెను. రైలు మరల పూర్తిగా నడచునప్పటికి అక్టోబరు వచ్చినది. నూట ఇరువది ఏండ్లు సంధి పాటించిన బాట కూడ, చుట్టునున్న కొండ సడలినచో నిలువజాలదు.

సిమ్లాలో నీటి ప్రశ్న మరల ఎదురగును. ఊరు శిఖరముమీద ఉన్నది. నీరు లోయలలో ఉన్నది. గుమ్మా వంటి చోట్లనుండి పంపులతో పైకి తోడవలెను. 2018 మే నెలలో నీరు కరవై, జనము రోజుల తరబడి టాంకరుల వద్ద బిందెలతో నిలిచిరి. రావలదని యాత్రికులకు ఊరివారే విజ్ఞప్తి చేసిరి. సిక్రీ చూచి వచ్చినవానికి ఈ వార్త కొత్తగా తోచదు.

ఆ కొండమీదనే 1888లో పూర్తియైన రాజప్రతినిధి భవనము కలదు. స్వాతంత్ర్యము తరువాత అది రాష్ట్రపతి నివాసమాయెను. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు దానిని విద్వాంసులకు విడిచిపెట్టి, 1965 అక్టోబరు 20వ తేదీన అచ్చట ఉన్నతాధ్యయన సంస్థను ప్రారంభించిరి. బరువంతయు జనముచేత మోయించిన భవనమునకు అంతకన్న మంచి ప్రాయశ్చిత్తము లేదు.

సిమ్లా దాటి నార్కండా పోవు దారి 1850లో డల్హౌసీ నాడు మొదలైన హిందుస్థాన్–టిబెట్ రోడ్డు. దారి వేయుటకు, దొరల సామాను మోయుటకు పల్లెవాండ్రు పిలిచినప్పుడెల్ల రావలెను. దానిని అచ్చట బేగారు అందురు. తెలుగున దానికి వేరే అర్థము వెదకనక్కరలేదు, అదియే వెట్టి. కోట్‌గఢ్‌లో స్థిరపడిన అమెరికను శామ్యూల్ స్టోక్స్ 1920, 1921 సంవత్సరములలో బేగారుపై జనమును నిలబెట్టి పోరెను. 1921 డిసెంబరులో చెఱకు పోయెను. కోట్‌గఢ్‌లో మేలురకపు ఆపిలు మొక్కలు నాటినవాడును ఆయనయే. ఆ 1921 జనవరిలోనే కుమావు కొండలలో, బాగేశ్వర్ తిరునాళ్ళలో, జనము కూలీల పేర్లు వ్రాసిన రిజిస్టరులను సరయూ నదిలో పారవైచిరి. మోసినవారి పేర్లు దస్త్రములలో లేవని పైన చెప్పబడినది. ఉన్న దస్త్రము సంకెల యైనచో దాని గతి అది.

నార్కండా నుండి సట్లెజ్ నదికి దిగి, లూహ్రీ వద్ద దాటి, సుమారు 3,100 మీటర్ల జలోరీ కనుమ ఎక్కి దిగినచో బియాస్ నది ఒడ్డు, కులూ లోయ. నగ్గర్ కోటలోను, పాత పల్లె ఇండ్లలోను గోడ కట్టు విధము చూడదగినది. దేవదారు దూలము ఒక వరుస, రాయి ఒక వరుస, సున్నము లేకుండ పేర్చుదురు, కాఠ్‌కునీ అందురు. భూమి కదలినప్పుడు గోడయు కదలి, మరల సర్దుకొనును. నదిని ఆనుకొని సిమెంటుతో కట్టిన కట్టడములు ఎన్నో 2023 జులై 9, 10 తేదీల వరదకు బియాసులో కలిసిపోయెను. వానితోపాటు మనాలీ రహదారి కూడ పలుచోట్ల కొట్టుకొనిపోయెను. నది తన పాత దారిని మరువలేదు.

అట్లని కొండకు బాటయే వలదనుట అన్యాయము. రోహ్తాంగ్ కనుమ ఎత్తు 3,978 మీటర్లు. మంచు కాలమున అది మూతపడినచో లాహూల్ జనము నెలల తరబడి చెఱలోనున్నట్లుండెడివారు. రోగికి హెలికాప్టరు దొరికిననే వైద్యము. 2020 అక్టోబరులో తెరచిన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగము ఆ చెఱ విడిపించినది. కనుక ప్రశ్న బాట కావలెనా వలదా యని కాదు. దానిని గీయువాడు భల్కూ మాట వినెనా లేదా యని. దూరమున కచేరీలో దస్త్రముపై గీసిన గీత కొండమీద కోత యగును. ఆ గీత గీయువారును, దానిపై సంతకము చేయువారును ఒక్కమారు ఆ బాటన నడచి రావలెను.

యాత్ర విజయదశమినాడు కులూ చేరినచో మంచిది. తక్కిన దేశమున దసరా ముగియునాడు అచ్చట మొదలై, ఏడు దినములు సాగును. పదునేడవ శతాబ్దిలో జగత్ సింహుని కాలమున అయోధ్యనుండి వచ్చిన రఘునాథుని రథమును జనము త్రాళ్ళతో లాగుదురు. చుట్టుప్రక్కల కొండపల్లెల దేవతలు పల్లకీలలో వత్తురు. దినముల తరబడి కొండబాటలలో వారిని భుజములమీద మోసికొని వచ్చువారు ఆ పల్లెవాండ్రే. అచ్చట మోత వెట్టి కాదు. మోయువానికి దేవతతో సమానముగ త్రోవ ఇత్తురు.

ఇక యాత్రకు బయలుదేరువారికి విన్నపము. తొందర మాని, కొండరైలులో ఒక వైపైనను పొండు. వానకాలమున లోయలకు పోవలదు. బసలో నీటిగొట్టము త్రిప్పునప్పుడు ఆ నీరు ఎచ్చటిదని అడుగుడు. సామాను మోసిన వానితో కూలి బేరమాడుటకు ముందు వాని పేరు అడుగుడు. తిరిగి వచ్చి దినచర్యలో మంచు ఎంత పడినదో వ్రాసినను వ్రాయకున్నను, ఆ పేరు మాత్రము వ్రాసికొనుడు.