మట్టిలోని మేలు క్రిములు



మన ఒడుగత్తూరు ప్రాంతంలో శెనక్కాయలు వేసే రైతులకు మొదలుకుళ్ళు తెగులును గురించి నేను చెప్పనక్కరలేదు. మట్టికి ఆనిన కాండం మీద తెల్లని బూజు దారాలు అల్లుకుంటాయి. తరువాత ఆవగింజలవంటి ఉండలు కనబడతాయి. చెట్టు వాడిపోతుంది. ఆ ఉండలు మట్టిలోనే దాగి మరుసటి పైరుకోసం కాచుకొని ఉంటాయి.

అయితే బూజుకు శత్రువులు కూడా ఆ మట్టిలోనే ఉన్నాయి. సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనే బాక్టీరియా వేళ్ళను ఆశ్రయించి బ్రతుకుతూ, బూజును అణచే పదార్థాలను తానే తయారుచేస్తుంది. ఆ పదార్థాలను దానిచేత ఇంకా ఎక్కువగా చేయించరాదా అని శాస్త్రజ్ఞులకు తోచింది.

స్విట్జర్లాండులో ఆ పని చేసి చూశారు. అక్కడి పొగాకు వేళ్ళనుండి తీసిన ఒక రకానికి, దాని జన్యుపదార్థంలోని ముక్కనే అదనపు ప్రతులుగా మళ్ళీ ఎక్కించారు. బూజును అణచే పదార్థాల ఉత్పత్తి పెరిగింది. 1992లో వారు ప్రకటించిన ఫలితాలలో రెండు సంగతులున్నాయి. దోసమొక్కలకు వేరుకుళ్ళునుండి రక్షణ హెచ్చింది. కాని మరికొన్ని రకాల మొక్కలకు ఆ అధికోత్పత్తివల్ల హానే కలిగింది. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఉండవలసినదే. గుప్పెడు పోస్తే ఎవరు నోట పెట్టగలరు?

కర్మాగారంలో బాక్టీరియాను పెంచి, మందును వేరుచేసుకొనేటప్పుడు అధికోత్పత్తి లాభమే. పొలం సంగతి వేరు. అక్కడ వదిలిన ప్రాణి తనంతట తాను పెరుగుతుంది. వెనక్కి రమ్మంటే రాదు. అందుకే జన్యువులు మార్చిన సూక్ష్మజీవులను ప్రభుత్వ అనుమతి లేనిదే బయట వదలరాదని మనదేశంలో 1989లో నిబంధనలు చేశారు.

అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చోవలసిన పని లేదు. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు ఇదే జాతిలో పి.ఎఫ్.1 అనే సహజమైన రకాన్ని ఎంచి, టాల్కు పొడిలో కలిపి వాడుకకు తెచ్చారు. విత్తనశుద్ధికి కిలో గింజలకు 10 గ్రాములు చాలు. ఇది ప్రాణమున్న మందు కనుక రసాయనిక మందులతో కలపరాదు. కాలం చెల్లిన పొడిని కొనరాదు.

కొత్త విత్తనమైనా, కొత్త మందైనా వచ్చినప్పుడు “బలమెంత?” అని మాత్రమే కాక, “మన పైరుకు పడుతుందా, మన మట్టిలో పరీక్షించారా?” అని కూడా అడగండి. ఈ కొత్త సంవత్సరం మీ పొలాలకు, మీ ఇళ్ళకు మేలు చేయుగాక. సెలవు.