సైనికునికి సంఘము చేయవలసినది



ఈ శతవార్షికోత్సవ సమయమున గడచిన నూరేండ్లను మనము లెక్కించుకొనుచున్నాము. దానితోపాటు, మన ఇండ్లనుండి సైన్యమునకు వెళ్లిన బిడ్డలను గూర్చియు ఆలోచించుట మంచిదని తలంచి ఈ మాటలు మీ ముందుంచుచున్నాము.

నంద్యాలలోగాని ఆళ్లగడ్డలోగాని సైనిక స్థావరము లేదు. వైమానిక దళమును చూడగోరువారు దుండిగల్లుకో, బాపట్ల దగ్గరి సూర్యలంకకో పోవలెను. అయినను దేశరక్షణ మనకు దూరపు సంగతి కాదు. ఆళ్లగడ్డ, నంద్యాలల మీదుగా కర్నూలు పోవు బాటలోనే ఓర్వకల్లు ఉన్నది. ఆ ప్రాంతమందలి రక్షణ పరిశోధన సంస్థవారి కేంద్రములో 2025 ఏప్రిల్‌లో లేజరు ఆయుధమును, జూలైలో డ్రోను నుండి విడుచు క్షిపణిని పరీక్షించిరి. ఆ రెంటి నడుమ, మే నెలలో, మన రాయలసీమ బిడ్డ మురళీ నాయక్ జమ్ము కాశ్మీరు సరిహద్దున ప్రాణమిచ్చెను. యంత్రములను మన పొరుగున పరీక్షించుచున్నారు. మనుష్యులు మన ఇండ్లనుండియే పోవుచున్నారు.

ముందుగా యంత్రమును గూర్చి ఒక మాట. మిగ్-21 విమానము 1963లో మన దళములో చేరి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసికొనెను. బదులు రావలసిన తేజస్ విమానములు ఆలస్యమగుటచే దానిని అనుకొన్నదానికంటె ఎక్కువకాలము నడిపిరి. ప్రమాదములలో ఎందరో యువ పైలట్లు అసువులు బాసిరి. విశాఖ తీరమున ప్రదర్శనకు నిలిపిన టీయూ-142 కథ వేరు. ఆ తరగతి విమానములు 1988 నుండి 2017 వరకు సుమారు 30,000 గంటలు ప్రమాదము లేక ఎగిరినవి. పైకి కనబడని మెకానిక్కులు గంటలు లెక్కపెట్టి, భాగములు విప్పి చూచి, అరిగినవి మార్చుటవలననే పాత విమానము నిలుచును. వేళకు విశ్రాంతి ఇచ్చుటయు ఆ సంరక్షణలో భాగమే.

ఇనుమునకు ఇంత చేయు లోకములో మనిషికి తక్కువ చేయవచ్చునా?

2022 జూన్‌లో ప్రభుత్వము అగ్నిపథ్ పథకమును ప్రకటించెను. పదునేడున్నర ఏండ్లు నిండినవారు చేరవచ్చును. సేవ నాలుగేండ్లు. ప్రకటించిన నియమము ప్రకారము నూటికి 25 మందివరకే నిలుపుకొందురు. తక్కినవారు సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇల్లు చేరుదురు, పింఛను ఉండదు. మొదటి జట్లవారికి 2026 చివరనుండి గడువు నిండును. రైలెక్కునాడు పూలమాల వేసి ప్రార్థించి పంపు మనము, తిరిగి వచ్చునాడు ఏమి చేయుదుము? "వాణ్ణి తీసేసినారంట" అని గుసగుసలాడుదుమా? ఒప్పుకొన్న గడువు పూర్తిచేసి వచ్చినవాడు ఓడి వచ్చినవాడు కాడు. ఆ సొమ్ము పాత అప్పులకు, పెండ్లి ఖర్చులకు కరిగిపోకుండ, చదువుకో పనికో మార్గము చూపు పెద్దలు అతనికి కావలెను.

ఎన్.సి.సి. క్యాడెట్లను గూర్చియు తలిదండ్రులకు ఒక మనవి. 1948 నాటి చట్టముతో ఏర్పడిన ఈ దళము ఐక్యతను, క్రమశిక్షణను నేర్పుచున్నది. పరేడు కాలయాపన కాదు. 'సి' సర్టిఫికేటులో కనీసము 'బి' గ్రేడు పొందిన పట్టభద్రులు, తగిన మార్కులుండినయెడల, వ్రాతపరీక్ష లేకయే సైన్యాధికారి ఎంపికకు వెళ్లు ప్రత్యేక మార్గము గలదు. ఇందులో ఆడపిల్లలకును చోటున్నది. ఆదివారము పరేడున్న బిడ్డను గుడికి రాలేదని గద్దింపక, సాయంకాల ఆరాధనకు పిలుద్దము.

కావున ప్రతి పాస్టరేటులో ఒక పుస్తకము ఉంచుదము. సేవలో ఉన్నవారి, తిరిగి వచ్చినవారి, సైనికుల విధవరాండ్ర పేర్లు అందులో వ్రాయుదము. స్త్రీల మైత్రివారు నెలకొకసారి ఆ ఇండ్లకు వెళ్లవలెను. మనలోని ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు వచ్చినవారికి దారి చూపవలెను. పింఛను కాగితములు తెలియని తల్లిని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు ఎవరైన వెంటబెట్టుకొని పోవలెను.

మనము యుద్ధమును కోరువారము కాము. సమాధానము కొరకే ప్రార్థించుదుము. అయితే కపెర్నహూములోని శతాధిపతిని జ్ఞాపకము చేసికొనుడి. అతని దాసుడు జబ్బుపడినప్పుడు ఊరి పెద్దలే ప్రభువునొద్దకు నడచి వెళ్లి, ఆ సైనికుని పక్షమున బతిమాలిరి. మన ఊళ్లలోను మన సైనికుల పక్షమున నడచి వెళ్లు పెద్దలు లేవవలెనని మా మనవి.